బొటనవేలిలో సూదులు

సౌదీలోని దమ్మామ్‌లో ఏసీ మెకానిక్‌గా చేరిన ఆరో ఏట, ఒక శనివారం పొద్దున నా కుడికాలు బూటులో పట్టలేదు. బొటనవేలి మొదలు ఎర్రగా ఉబ్బి ఉంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడింది.

మా గదిలో వంట చేసే పెద్దాయనది జగిత్యాల వైపు. నేను అన్నా అని పిలుస్తాను. వంగి చూసి, "ఏం తాకింది తమ్మీ?" అన్నాడు.

"ఏం తాకలేదన్నా. నిన్న మంచిగనే ఉన్న."

మా కంపెనీ క్యాంపు డాక్టరు రక్తం పరీక్ష చేయించి, యూరిక్ ఆసిడ్ మామూలుగానే ఉందని చెప్పి, బెణుకని కట్టు కట్టాడు. రెండు రోజులకు ఆ కట్టు బరువు కూడా ఓర్చుకోలేకపోయాను. అన్న నన్ను టాక్సీలో ఊళ్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి నర్సు కాకినాడ ఆవిడ. డాక్టరు ఇంగ్లీషులో చెప్పిందంతా నాకు తెలుగులో చెప్పింది.

"నొప్పి ఉన్నప్పుడు యూరిక్ ఆసిడ్ రక్తంలో ఒక్కోసారి ఎక్కువగా తేలదంటండి. కీలులోంచి కాస్త నీరు తీసి చూస్తారు."

సాయంత్రానికి నవ్వుతూ వచ్చింది. "గౌట్ అండి, యూరిక్ ఆసిడ్ కీళ్లలో పేరుకునే జబ్బు. ఆ నీటిలో సూదుల్లాంటి పలుకులు కనిపించాయంట. మీరేం తింటుంటారు?"

నేను నోరు తెరిచేలోపే అన్న తల దించుకున్నాడు. ప్రతి శుక్రవారం కార్జం వేపుడు, తలకాయ కూర ఆయన చేతివే. "నేనే తినవెట్టిన సిస్టర్" అన్నాడు.

"కూర ఒక్కటే కాదండీ, ఆయన ఒంటి తీరే అంత. అవి తగ్గించి నీళ్లు బాగా తాగించండి."

వాపు తగ్గాక రోజూ వేసుకునే మాత్ర రాశారు. నొప్పి లేదని మానొద్దని ఆవిడ మరీ మరీ చెప్పింది. నేను మూడో నెలలో మానేశాను. నెల తిరగకుండానే వేలు మళ్లీ ఉబ్బింది. అన్న తిట్టలేదు. మాత్రలన్నీ వంటింట్లోకి తీసుకుపోయి ఉప్పు డబ్బా పక్కన పెట్టుకున్నాడు. అప్పటినుంచి పొద్దున చాయ్‌కి ముందు నా అరచేతిలో మాత్ర పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడతాడు.

ఏడాదిన్నరగా నొప్పి లేదు. మళ్లీ మేడలెక్కి పని చేసుకుంటున్నాను. శుక్రవారాలు ఇప్పుడు కోడిగుడ్ల పులుసు. అది ఆయన అంత బాగా చేస్తాడని ఇదివరకు మాకెవరికీ తెలియదు. పక్క గదివాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేస్తున్నారు.