పద్దెనిమిదో నంబరు పంచె

ధర్మవరంలో ఒక నేతగాళ్ల వీధి ఉంది. అక్కడ ఒక కబడ్డీ ఆటగాడి పేరెత్తితే పోయిన ఏడాది దాకా మాటిచ్చి ఎగ్గొట్టినవాడని తిట్టేవాళ్లు. ఆయన ఆ వీధిలో ఎన్నడూ అడుగు పెట్టలేదు, ఎవరికీ మాట ఇవ్వలేదు. ఇచ్చినవాణ్ణి నేను. ఆయన పేరు ఇక్కడ రాయను. దాన్ని నేను వాడుకున్నది చాలు.

పదేళ్ల పైమాట. హిందూపురంలో ఒక పట్టుదారం వ్యాపారి దగ్గర పనిచేసేవాణ్ణి. వారానికి రెండుసార్లు దారం మూటలు బస్సులో వేసుకుని, పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్లి, అక్కడి దుకాణంలో అప్పగించి రావడం నా పని. అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. ఆరడుగుల మనిషిని. బండి మీద నుంచి పడడంతో ఎడమ కనుబొమ మీద గాటు, మోకాలికి పట్టీ. టీవీలో కబడ్డీ పోటీలు మొదలై, జనమంతా వాటి గురించే మాట్లాడుకుంటున్న రోజులు. హిందూపురం బజారులో ఒక జట్టు జెర్సీకి నకలు అమ్ముతుంటే కొనుక్కున్నాను. వెనక పద్దెనిమిది అని ఉంది. ఆ నంబరు ఎవరిదో నాకు తెలియదు.

పెనుకొండ బస్టాండు ఎదుట ఒక టిఫిన్ హోటలు ఉండేది. ఒక ఉదయం ఆ జెర్సీతోనే కూర్చుని దోసె తింటున్నాను. హోటలాయన గల్లాపెట్టె వదిలి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, నువ్వు టీవీలో ఆడ్తావు కదా? పద్దెనిమిది నంబరు?"

నోటినిండా దోసె ఉంది. నేను నమిలి మింగేలోపే ఆయన నా కనుబొమ చూశాడు, వంగి మోకాలి పట్టీ చూశాడు.

"ఆ గాటు సూడండబ్బా! ఆయప్పే! లోపల ఇంకొక నెయ్యి దోసె ఎయ్యండి!"

అది కూడా తిన్నాను. చేయి కడుక్కుని జేబు తడుముకుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "నీతో దుడ్లు తీసుకుంటే మా ఇంటామె నన్ను గడప తొక్కనీదు. పోప్పా, పో." నేను అవుననలేదు, కాదనలేదు. కాబట్టి అబద్ధం చెప్పలేదని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను.

బస్సెక్కాక ఆ ఆటగాడెవరో ఫోనులో వెతికాను. కర్ణాటక మనిషి. పెద్ద పేరున్నవాడు కాదు. ఎక్కువ ఆటల్లో బయటే కూర్చుని, ఎప్పుడో ఒకసారి కూతకు వెళ్లేవాడు. నంబరు గుర్తున్నవాళ్లు ఉంటారుగానీ ముఖం గుర్తున్నవాళ్లు తక్కువ. కనుబొమ మీద గాటు మాత్రం నిజంగానే ఉంది. హిందూపురంవాణ్ణి కాబట్టి నాకు కన్నడ వచ్చు. ఆ తర్వాత పెనుకొండలో దిగినప్పుడల్లా మాటల మధ్య రెండు కన్నడ ముక్కలు కలిపేవాణ్ణి.

ఒక వేసవి, దాని వెనక వానాకాలం అలా గడిచాయి. దోసెలు, క్షవరం, బస్సులో కిటికీ సీటు. ఒక చెప్పుల దుకాణాయన నా పాదం తన ఒళ్లో పెట్టుకుని బూట్లు తొడిగాడు. నాతో ఫోటో దిగి గోడకు తగిలించుకున్నాడు. నన్ను ఎవరూ కూత పెట్టి చూపించమనకుండా మోకాలి పట్టీ కాపాడింది. మోకాలు నయమైనా పట్టీ తీయలేదు.

ఒకరోజు హోటలాయన నా పక్కన కూర్చున్నాడు. "మా అక్కను ధర్మవరంలో ఇచ్చినాం. మా బావది మగ్గం. వాళ్ల పాప కబడ్డీ బాగా ఆడ్తాది. ఒకసారి పోయి కనపడి రాప్పా. ఆ పాపకు ధైర్యమొస్తాది."

వెళ్లాను. భోజనం బాగుంటుందని వెళ్లాను. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

ఒకే గది, అందులో సగం మగ్గమే. పట్టు చీరకు అంచు వేరే రంగులో కలిపి నేయాలంటే నేసేవాడి పక్కన ఇంకొకరు కూర్చుని అంచు దారం చుట్టిన నాడె అందించాలి. ఆ పని ఆ అమ్మాయిది. పందొమ్మిదేళ్లు ఉంటాయి. బక్కపల్చగా ఉంది, చేతులు మాత్రం గట్టివి. మడమ పట్టు తన ఆట అని చెప్పింది.

"సెలక్టయితే హాస్టలు, సదువు వాళ్లే సూసుకుంటారంటన్నా. కాకుంటే ఈ నాడే, ఈ మగ్గమే."

"మగ్గమేం చేసిందే నిన్ను?" అని తండ్రి నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "దీని ఆట నేను సూసినాను సార్. పట్టుకుంటే వదల్దు. వాళ్లమ్మ మాదిరే," అన్నాడు. వంటింట్లోంచి గిన్నె గట్టిగా చప్పుడైంది.

నాలుగు వారాల తర్వాత రమ్మని కబురొస్తే మళ్లీ వెళ్లాను. ఆయన నా చేతిలో ఒక పట్టు పంచె పెట్టాడు. పెళ్లి చీర కొంగులో పెళ్లికూతురి పేరు నేయించుకోవడం ఆ ఊళ్లో మామూలే. ఆయన ఆ పనితనమంతా నా కోసం వాడాడు. పంచె అంచు చివర, వేలెడంత చోటులో, జరీతో పద్దెనిమిది అని నేశాడు.

పంచె ఒళ్లో ఉండగానే ఆ అమ్మాయి అడిగింది.

"ఆదివారం అనంతపురంలో జిల్లా సెలక్షన్లున్నాయన్నా. జూనియర్స్‌లో నాకు ఇదే ఆఖరి ఏడు. నువ్వొచ్చి పక్కన నిలబడుకో సాలు."

అక్కడ కోచ్‌లుంటారు, పాత ఆటగాళ్లుంటారు. ఒక్క నిమిషంలో దొరికిపోతాను. పనుందని చెప్పి తప్పించుకోవచ్చు, కానీ ఆ పంచె పట్టుకుని అంత చిన్న మాట చెప్పబుద్ధి కాలేదు.

"జిల్లా సెలక్షన్లెందుకమ్మా? అంతా రెకమెండేషన్లే," అన్నాను. "బెంగళూర్లో మా కోచ్‌తో మాట్లాడినాను. నేరుగా క్యాంపుకే పిలుస్తారు. ఆదివారం ఫోనొస్తాది. ఇంట్లోనే ఉండు."

తండ్రి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆ ఆదివారం నేను హిందూపురంలో ఉన్నాను. ఏం చేశానో గుర్తు లేదు. ఆ తర్వాత ధర్మవరం లైను నాకొద్దని యజమానికి చెప్పి మడకశిర వైపు మారాను. మీసం తీసేశాను.

ఏడాది తిరక్కుండానే అసలు ఆటగాడు హిందూపురంలో ఒక బట్టల దుకాణం ప్రారంభానికి వచ్చాడు. చూద్దామని వెళ్లి గుంపు చివర నిలబడ్డాను. ఉన్నట్టుండి గుంపు మధ్యలోంచి ఒక గొంతు లేచింది. "సార్, నా కూతురు ఫోను కోసం కూసునింది సార్! ఒక్క మాట చెప్పండి!" ఆ నేతగాడే. వేదిక దగ్గరికి రానివ్వకపోతే అక్కడి నుంచే అరుస్తున్నాడు. అంత దూరానికి ఆయనకు ముఖం ఆనినట్టు లేదు. ఆటగాడు ఎండకు కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "యజమానరే, మీరెవరో నాకు తెలీదు," అని కన్నడ కలిపి మర్యాదగానే అన్నాడు. నిజమే చెప్పాడు. జనం నవ్వారు. "పెద్దోళ్లకు యాడ గుర్తుంటాదిలే పెద్దాయనా," అని ఎవరో ఆయన్ను భుజం పట్టి బయటికి నడిపించారు. ఆయన నాకు పదడుగుల దూరంలోంచే పోయాడు. నేను తల తిప్పుకున్నాను.

పోయిన ఏడాది ఆ పంచె తీసుకుని ధర్మవరం వెళ్లాను. పదేళ్లలో దాన్ని కట్టలేదు, అమ్మలేదు. నంబరు నేసిన పంచె ఎవరు కొంటారు? ఇప్పుడు మగ్గం ముందు ఆ అమ్మాయి కూర్చుని ఉంది. తండ్రి పక్కన కూర్చుని నాడె అందిస్తున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు.

"నాకు చెప్తే ఏమొస్తాది? మా నాయన ఆయప్పను వీధంతా తిట్టినాడు. పోయి వీధిలో చెప్పు."

చెప్పాను. ఆరేడు గడపల ముందు నిలబడి, నేను ఫలానా, చేసింది నేను, ఆయన కాదు అని చెప్పాను. ఒక ముసలావిడ, "అయితే ఆ పొద్దు మగ్గాలు నిలబెట్టింది నీ కోసమా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. మగ్గం చప్పుడులో ఫోను వినపడదని ఆ ఆదివారం వాళ్లు మగ్గం ఆపుకున్నారట. ఇరుగుపొరుగును కూడా అడిగితే వాళ్లూ ఆపారట. అమావాస్యకు తప్ప మగ్గం ఆగని వీధి అది. పొద్దు గూకేదాకా అందరూ ఆ ఫోను కోసం విన్నారు.

తిరిగి వచ్చేసరికి తండ్రి పంచె విప్పి, అంచు మీద బొటనవేలితో రుద్ది చూస్తున్నాడు.

"ఒక్కసారన్నా కట్టినావా?"

"లేదు."

"ఆయప్ప అడ్రసు కనుక్కో. నంబరు ఎవరిదో పంచె వాళ్లకియ్యల్ల."

కనుక్కుని పంపాను. ఇందులో రాసినదంతా ఒక ఉత్తరంగా రాసి మడతలో పెట్టాను. జవాబు రాలేదు.

ఆ రోజు వచ్చేస్తుంటే ఆ అమ్మాయి మగ్గం మీది నుంచి తల ఎత్తకుండానే అంది. "నువ్వు అనంతపురం రాకున్నా ఏమీ అనుకునేదాన్ని కాదు. ఏమీ చెప్పకుండా ఉన్నింటే సాలు. నేను బస్సెక్కేదాన్ని."

నేను గడప దిగేలోపే మగ్గం చప్పుడు మొదలైంది.