మా అల్లుడూ, ఆయన గాలీ

మా అల్లుడికి ఒక్కటే జబ్బు. మనిషి కనబడితే చాలు, "గాలి ఎటు నించి?" అంటాడు. బాగున్నారా లేదు, తిన్నారా లేదు. నౌకాదళంలో ఆఫీసర్లు కాబోయే పిల్లలకి పడవ నడపడం నేర్పే మాస్టారు కదా, వాళ్ళని అడిగాడంటే అర్థముంది. పాలవాణ్ణి అడగడమెందుకు? పాపం అతను రెండ్రోజులు బిక్కమొహం వేసి, మూడోరోజు నించి పాలతో పాటు దిక్కు కూడా చెప్పి పోతున్నాడు.

పళ్ళ డాక్టరు నోరు తెరవమంటే, తెరిచి అదే అడిగాడట.

"ఏసీలోంచి" అన్నాడట డాక్టరు.

"అదీ ఓ గాలేనా!" అని కుర్చీలోంచి లేచి వెళ్ళి కిటికీ తీశాడట. మా అమ్మాయి ఇప్పటికీ ఆ వీధిలో తలెత్తుకుని నడవదు.

వాళ్ళ అకాడమీ కుట్టుగదిలో గుండీలు కుట్టే పని నాది. ఓరోజు ఓ పిల్ల వచ్చి తెల్లచొక్కా బల్లమీద పడేసింది. మొహం చొక్కా కంటే తెల్లగా ఉంది.

"భుజాల మీద పట్టీలు విప్పెయ్ అమ్మమ్మా. రేపెలాగూ ఇంటికి పంపేస్తారు."

"ఏం వెలగబెట్టావే?"

"పడవెక్కితే వాంతులు. రెండుసార్లు పరీక్ష తప్పాను. రేపు ఆఖరుది."

"కత్తెరకి పదును లేదు. రేపు సాయంత్రం రా" అని తరిమేశాను.

ఇంటికొచ్చి, "ఆ పిల్లని కాస్త చూడండి అల్లుడుగారూ" అన్నాను.

"పాసు చేసేది పై ఆఫీసరు అత్తయ్యగారూ, నా చేతిలో ఏముంది? ఇంతకీ, గాలి ఎటు నించి?"

నా చేతిలో గరిటె చల్లారిపోయింది కాబట్టి బతికిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఆ పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది.

"పాసయ్యాను అమ్మమ్మా! నేను బకెట్టు వైపు తల వంచితే చాలు, మాస్టారు 'గాలి ఎటు నించి?' అని ఒకటే కేక. చెప్పాలంటే తలెత్తాలి, దూరంగా చూడాలి, బుగ్గకి గాలి తగలాలి. చెప్పేసరికి కడుపు సంగతే మర్చిపోయేదాన్ని. ముప్పైసార్లు అడిగారు! 'మీకేమైనా చెవుడా మాస్టారూ?' అన్నాడు పై ఆఫీసరు."

నా చేతిలో సూది ఆగిపోయింది. మా ఆయన పోయాక నేను గోడ మూల తల వంచుకు కూర్చుంటే, ఈ మహానుభావుడు రోజుకి పదిసార్లు వచ్చి ఇదే అడిగేవాడు. తిట్టుకుంటూ లేచి, కిటికీలోంచి చూసి చెప్పేదాన్ని. వీధీ మనుషులూ నాకు మళ్ళీ కనబడింది ఆ కిటికీలోంచే. దొంగ!

ఇంటికి పోయి, కూర పొయ్యిమీద పడేసి వాకిట్లోకొస్తే, మెట్టు మీద తల వేలాడేసుకుని కూర్చున్నాడు. మొహం పసరు రంగు.

"ఆయనకీ పడవ పడదమ్మా, ఇరవై ఏళ్ళుగా ఇంతే. ఎవరికీ చెప్పకు" అని గొణిగింది మా అమ్మాయి.

వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"అల్లుడుగారూ, గాలి ఎటు నించి?"

తలెత్తాడు. ముక్కు ఎగబీల్చాడు. మొహంలోకి రంగొచ్చింది.

"మన వంటింట్లోంచి అత్తయ్యగారూ. మీ కూర మాడుతోంది."