నెట్ బాగుచేసే నిదానమ్మ

మా వీధిలో ఎవరింట్లో నెట్ ఆగినా ముందు కంపెనీకి ఫోన్ చేస్తారు, తర్వాత ఒకరినొకరు తిట్టుకుంటారు, చివరికి నిదానమ్మను పిలుస్తారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే. ఆమె మెట్లెక్కుతుంటే వెనకాల వస్తున్న నత్త ఒకటి, "కాస్త దారివ్వమ్మా, నాకు పనుంది" అనడం నేను స్వయంగా విన్నాను.

నలభై ఏళ్ల మనిషి. పదిహేనేళ్లు వాళ్ల నాన్న దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసింది. దారం తెగుతోందని వచ్చినవాళ్లంతా మిషన్‌నే తిట్టేవారట. చూస్తే సూదిని తిరగేసి బిగించి ఉండేవారు. అందుకే నెట్ పనిలోకి వచ్చాక కూడా ఆమె ముందు పెట్టెను ముట్టుకోదు, మనుషులను అడుగుతుంది. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?" ఏమీ మారలేదంటారు అందరూ. "అయితే ఏదో పెద్దదే మారింది" అంటుంది.

ఆ రోజు పదిన్నరకు మా కోడలికి ఇంటర్వ్యూ. పిల్లల కోసం ఆరేళ్ల కిందట వదిలేసిన ఉద్యోగాన్ని మళ్లీ అందుకోవాలని ఆమె పట్టుదల. అందులో భాగంగా ఓ పరీక్ష కూడా ఉంది, అది కంప్యూటర్ మీదే రాయాలి, ఫోన్‌లో కుదరదు. తీరా తొమ్మిదిన్నరకు చూస్తే, ఏ పేజీ తెరిచినా 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అని వస్తోంది. కోడలు వైఫై పెట్టెను ఆరుసార్లు ఆపి వెలిగించింది. మావాడు తీగలన్నీ పీకి, ఏది ఎక్కడిదో మరిచిపోయి, దేవుడి మీద భారం వేసి గుచ్చాడు. నేను సలహాలిచ్చాను. మా ఆవిడ మాత్రం మడతపెట్టిన బట్టలనే మళ్లీ మడతపెడుతోంది.

నిదానమ్మ పది దాటాక వచ్చింది.

"అక్కా, ఇరవై నిమిషాలే ఉంది!" అంది కోడలు.

"చాలమ్మా, బోలెడు. ఫోన్‌లో నెట్ వస్తోందా?"

"వస్తోంది."

"ఈ వైఫైతోనేనా?"

"ఆ, దీంతోనే. ఈ పెట్టెను ఆరుసార్లు ఆపి వెలిగించాను కూడా."

"అయితే లైనూ బాగుంది, పెట్టే బాగుంది. జబ్బు కంప్యూటర్‌ది. పాపం, పెట్టెను ఊరికే ఆరుసార్లు నిద్ర లేపారు. నిన్న కంప్యూటర్ ఎవరు ముట్టుకున్నారు?"

"నేను కాదు," అన్నాడు మావాడు.

"నేనసలే కాదు," అంది కోడలు.

"నిన్న మధ్యాహ్నం ఓ మెరుపు కిటికీలోంచి దూరి, కీబోర్డు మీద అటూ ఇటూ పచార్లు చేసి వెళ్లింది. కళ్లారా చూశాను," అన్నాను.

"మెరుపుకి మీ ఇంట్లో అంత పనేముంది బాబాయిగారూ?" అంటూ నిదానమ్మ మా ఆవిడ వంక చూసింది. తర్వాత తెర మూల మీద వేలు పెట్టింది. గంట సరిగ్గా ఉంది. రోజు, నెల కూడా సరే. ఏడాది మాత్రం నిరుటిది.

"మీ కంప్యూటర్ ఇంకా పోయిన ఏడాదిలోనే ఉందమ్మా. సైట్లు చూపించే గుర్తింపు కార్డుల మీద ఈ ఏడాది తేదీలున్నాయి. ఇంకా పుట్టని కార్డులు దొంగవి కాక ఏమవుతాయని దీని అనుమానం. అందుకే తలుపు తియ్యట్లేదు."

బట్టల మడత ఆగిపోయింది. మా ఆవిడ కంప్యూటర్‌లో ఆడుకునే ముత్యాల ఆటకు ఉచిత గడువు మొన్ననే తీరింది. తేదీ వెనక్కి జరిపితే గడువు పెరుగుతుందని ఎవరో పెద్దమనిషి ఆమెకు చెప్పాడు. ఆ పెద్దమనిషి గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

"ఎవరు జరిపారు?" గర్జించాడు మావాడు.

"అది నా పని కాదు బాబూ. ముందుకు జరపడమే నా పని," అంటూ నిదానమ్మ ఏడాది సరిచేసింది. పేజీ టక్కున తెరుచుకుంది. పదీ ఇరవై ఏడు.

"నేనేరా," అంది మా ఆవిడ ఇక ఉండబట్టలేక. "మీ నాన్నే నేర్పారు."

"పోట్లాట తర్వాత అత్తయ్యా, ముందు తలుపు వెయ్యండి!" అంది కోడలు.

అందరం బయటికొచ్చాం. నిదానమ్మకు ఇంకా రెండిళ్ల పని ఉంది. అయినా, "మధ్యలో ఆగితే మళ్లీ ఎవరొస్తారు?" అంటూ తలుపు పక్కనే కూర్చుంది. ముప్పావుగంట మేమంతా తలుపుకు చెవులానించి నిలబడ్డాం. అప్పుడు లోపలినుంచి కోడలి గొంతు: "తప్పకుండానండీ, సోమవారం నుంచే చేరతాను."

తలుపు తెరుచుకుంది. కోడలు మొగుణ్ణి దాటి, అత్తను దాటి, నన్ను తోసుకుంటూ వెళ్లి నిదానమ్మను వాటేసుకుంది.