ఎడమ పక్క సీటు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి. తిరుపతి నుంచి రేణిగుంట పోయే రోడ్డులో సెకండ్ హ్యాండ్ కార్ల యార్డులు వరసగా ఉంటాయి. ఆ బానెట్ల మధ్య ఎండలో తిరగడమే నా పని. పాత కారు కొనేవాళ్ళు డబ్బు కట్టే ముందు నన్ను పిలుస్తారు. దీన్ని ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ అంటారు. పెళ్ళికి ముందు అబ్బాయి గురించి వీధిలో వాకబు చేయడం లాంటిదే, కాకపోతే కారు అబద్ధాలు తక్కువ చెబుతుంది. ఫిజిక్స్‌లో డిగ్రీ చేసిన ఆడమనిషి కారు కింద దూరి చూస్తే బ్రోకర్లకు గిట్టదు. నాకూ వాళ్ళంటే గిట్టదు, కాబట్టి ఎవరికీ బాకీ లేదు.

ఆ వేసవిలో బెంగళూరు నుంచి ఒక ఎర్ర కన్వర్టిబుల్ వచ్చింది. స్విచ్ నొక్కితే గుడ్డ కప్పు వెనక్కి మడుచుకుపోయే స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. కొనాలనుకున్నది జయచంద్ర. చిత్తూరులో బట్టల కొట్టు, యాభై దాటిన వయసు, మాట మెత్తన. మన ఎండకు నెత్తిన కప్పు లేని బండి ఎందుకని నేను ఊరుకోకుండా అడిగాను. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కింద గీసుకుంటుందనీ, స్పేర్ పార్టుకు మద్రాసు పోవాలనీ, కూరగాయల సంచి కూడా పట్టదనీ చెప్పాను. ఆయన అన్నీ విని, "శానా యేండ్ల నాటి కోరిక మేడమ్" అని మాత్రం అన్నాడు.

పెయింట్ మందం కొలిచే మీటరు పెట్టి చూశాను, యాక్సిడెంటు బండి కాదు. కార్పెట్ ఎత్తి చూశాను, వరద నీళ్ళలో మునిగిన జాడ లేదు. స్కానర్ తగిలించాను. కారు లోపలి కంప్యూటర్‌ను అడిగి తప్పులు రాబట్టే చేతి యంత్రం అది. ఒక్క తప్పూ చూపలేదు. తీసుకోమన్నాను.

రెండు నెలలకు ఆయన ఫోన్ చేశాడు. పక్క సీట్లో ఎవరూ లేకపోయినా బెల్టు పెట్టుకోమని బెల్లు మోగుతోందట. సీటు మీద సంచి ఏదో పెట్టుంటారని కసిరాను. ఏమీ లేదన్నాడు. "ఎవురో కూచున్నెట్లే చెప్తా ఉండాది మేడమ్" అన్నాడు. ఆ గొంతులో భయం లేదు. అదే నాకు నచ్చలేదు.

మరునాడు చిత్తూరు పోయాను. పక్క సీట్లో నేను కూర్చుంటే పరీక్షకు అర్థం లేదు కాబట్టి ఆయన్ను ఒంటరిగా తోలమని, వెనక నా కారులో బయలుదేరాను. పాకాల వైపు రోడ్డు, సాయంత్రానికి ఇంకా పొద్దుంది. కప్పు తీసేసిన కారు, ముందర రెండు సీట్ల వెనకభాగాలు, కుడివైపు ఆయన తల. కొంచెం దూరం పోయాక ఆ తల ఎడమకు తిరిగింది. తిరిగి రోడ్డు వైపు. మళ్ళీ ఎడమకు. ఆయన ఏదో చెబుతున్నాడు. మధ్యలో ఆగి, వింటున్నట్టు తల ఊపుతున్నాడు. ఎడమ సీటుకు బెల్టు బిగించి ఉంది. బెల్లు ఆపడానికి చాలామంది ఖాళీ సీటుకే బెల్టు పెట్టేస్తారు, అది నాకు తెలుసు. కానీ గాలికి ఆ పట్టీ అదరడం లేదు. లోపల మనిషి ఉంటే ఎట్లా బిగిసి ఉంటుందో అట్లా ఉంది. నా కారులో ఏసీ తగ్గించుకున్నాను.

మామిడితోపుల దగ్గర టెంకాయల బండి కనిపించి ఆపాడు. నేనూ ఆపాను. రెండు ఎళనీరు బోండాలు కొట్టించాడు. రెండోది నాకేమో అనుకుని చెయ్యి చాచాను. ఆయన దాన్ని ఎడమ తలుపు అంచు మీద పెట్టి, సిగ్గుపడుతూ, "మీకింకోటి చెప్తా మేడమ్" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. మొదటి భార్య పద్మ. పెళ్ళయిన రెండో ఏడే జ్వరం వచ్చి పోయింది. ఇట్లాంటి కారు బొమ్మ ఒకటి పత్రికలో కత్తిరించి బీరువా తలుపు లోపల అతికించుకుందట. కొట్టు బాగా నడిస్తే కొనిస్తానని ఈయన మాటిచ్చాడు. ఇప్పుడు బండి వచ్చింది, బెల్లు మోగింది. ఆయనకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇల్లు చేరేసరికి రెండో భార్య సుగుణ వాకిట్లోనే నిలబడి ఉంది. ఆవిడతో కాపురం ఇరవై ఏళ్ళు దాటింది. ఆయన చేతులు కడుక్కోవడానికి లోపలికి పోగానే నన్ను పక్కకు పిలిచింది.

"బండి అమ్మేయమని మీరన్నా చెప్పండి మేడమ్. మీ మాటయితే ఇంటాడు."

ఎందుకన్నాను.

"రెండే సీట్లు గదా. ఒగటి ఆయన్ది, ఇంగోటి ఆ యమ్మది. నేను యాడ కూసోవాల?"

ఈమధ్య ఎక్కలేదా అని అడిగాను. ఆవిడ ఆ కారెక్కి నెల దాటింది. ఆయన రమ్మనలేదా అంటే, రమ్మనే అంటాడట, కానీ అనే ముందు ఒకసారి ఆ సీటు వైపు చూస్తాడట. మరి మీరేం చేశారు అని అడిగాను. ఏం చేయాలో అది చేశానంది. ప్రతి శుక్రవారం రాళ్ళ ఉప్పు, పసుపు కలిపిన నీళ్ళు చెంబుతో ఆ సీటు మీద చల్లుతోంది, ఉన్నది దిగిపోవాలని.

నాకు ఒళ్ళు మండింది, ప్రాణమూ లేచొచ్చింది. సీటు కుషన్ కింద ఆక్యుపెంట్ సెన్సర్ అని ఒక పలుచని పరుపు లాంటిది ఉంటుంది. మీద ఎంత బరువు ఉందో చూసి, మనిషి ఉంటే బెల్టు బెల్లు మోగిస్తుంది, గుద్దుకున్నప్పుడు ఆ పక్క ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలా వద్దా తేలుస్తుంది. దానికి ఉప్పునీళ్ళు తగిలితే ఇంకేముంది? మొదలు ఎక్కడో కూడా తెలిసిపోయింది. బండి కొన్న రోజే కొండ కింద పూజ చేయించారు. మామూలు కారుకైతే నీళ్ళు బానెట్ మీద పడతాయి. కప్పు తీసిన కారు దేవుడి ముందు పెడితే టెంకాయ నీళ్ళూ కలశం నీళ్ళూ ఎక్కడ పడతాయి? ఆ తడికి బెల్లు ఎప్పుడైనా ఒకసారి మోగింది. ఈవిడ పోసేకొద్దీ విడవకుండా మోగింది.

మా ఎలక్ట్రీషియన్ను పిలిపించి ఇద్దరి ముందే సీటు ఊడదీయించాను. అడుగున పసుపు గడ్డకట్టి, కనెక్టరు పచ్చగా చిలుం పట్టి ఉంది. చూడండి మీ దయ్యం అన్నాను. సుగుణ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉప్పునీళ్ళు పోసి దాన్ని పిలిచింది తానేనని ఆమెకు అర్థమైంది. జయచంద్ర మాత్రం ఆ ఖాళీ చోటునే చూస్తూ, మార్చక తప్పదా అని అడిగాడు. తప్పదు, గుద్దుకున్న రోజు ఇది తప్పు చెబితే ప్రాణం మీదికి వస్తుంది, ఆ సీట్లో ఉండేది బతికున్న మనిషైతే మరీను అన్నాను. కటువుగానే అన్నాను.

మద్రాసు నుంచి కొత్త సెన్సర్ వచ్చాక ఎలక్ట్రీషియన్‌తో మళ్ళీ పోయాను. సీటు ఎండలో ఆరి బిగింపు అయిపోయింది. చివర్న జీరో కాలిబ్రేషన్ చేయాలి. అంటే ఖాళీ సీటు బరువు ఇంత అని కారుకు నేర్పడం. స్కానర్ తెర మీద ఒక ప్రశ్న వస్తుంది, సీటు ఖాళీగా ఉందా అని. అవును నొక్కాలి. యజమాని చేత నొక్కిద్దామని జయచంద్ర చేతికిచ్చాను.

"ఖాళీనే అని నేనే చెప్పల్లా మేడమ్?"

"బండికి కండ్లు లేవు. మనం చెప్పిందే నమ్ముతాది."

చాలాసేపు తెర చూశాడు. సీటు వైపు చూడకుండా నొక్కాడు. అయిపోయిందన్నాను. సుగుణను ఎక్కి కూర్చోమన్నాను. ఆవిడ కొంగు సర్దుకుని, అంచున, అరువు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. ఇంజన్ స్టార్ట్ చేశాం. బెల్లు మోగలేదు. పక్క సీటు ఖాళీ అని చెప్పే దీపం డాష్‌బోర్డులో నిదానంగా వెలుగుతూనే ఉంది.

"నేను కనపడ్లేదా దీనికి?" అంది సుగుణ.

ఆవిడను దింపి స్కానర్ లోపల చూశాను. సెన్సర్ సున్నా అని గుర్తుపెట్టుకున్నది ఖాళీ సీటు బరువు కాదు. ఎదిగిన ఒక సన్నపాటి మనిషి బరువు. నొక్కేటప్పుడు సీటు మీద అంత బరువుంటేనే అట్లా జరుగుతుంది. పట్టపగలు, నేను అడుగు దూరంలో ఉన్నాను. సీటు మీద చేతి రుమాలు కూడా లేదు. ఎలక్ట్రీషియన్ నా మొహం చూశాడు, నేను బోల్టుల మొహం చూశాను. బోల్టులు ఎక్కువ బిగిస్తే కొత్త సెన్సర్ వంగి తప్పు బరువు చూపించవచ్చు. ఆ వివరణ నా దగ్గర ఇప్పటికీ ఉంది. దాన్ని గట్టిగానే పట్టుకుని ఉన్నాను.

బోల్టులు వదులు చేసి మళ్ళీ బిగించాం. ఈసారి నొక్కే ముందు సుగుణ ఆగమంది. ఎడమ తలుపు తానే తీసి, పక్కకు జరిగి దారి ఇచ్చి నిలబడింది. మొగుడి ముందు ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ పిలవని పిలుపు అప్పుడు పిలిచింది.

"అక్కా, ఉప్పునీళ్ళు పోసినానని ఏమనుకోవాకు. తెలీక పోసినా. శానా దూరం తిరిగినావు గదా, ఇంగ దిగుమ్మా."

జయచంద్ర ఆ రోజు మొదటిసారి ఆ సీటు వైపు నేరుగా చూశాడు. చూస్తూ, తలుపు ముందు నుంచి వీధి దాకా చూపు నడిపించాడు, ఎవరినో సాగనంపుతున్నట్టు. తర్వాత నొక్కాడు.

సుగుణ ఎక్కి, ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చుంది. బెల్లు మోగింది. ఆ దిక్కుమాలిన బెల్లు అంత కమ్మగా ఉంటుందని నాకు తెలియదు. ఆయన వంగి బెల్టు లాగి ఆవిడకు పెట్టాడు.

బోల్టుల సంగతి నేనెవరితోనైనా వాదిస్తాను. కానీ ఈ కేసు తర్వాత ఒకటి మార్చుకున్నాను. సీటు ఖాళీగా ఉందా అని స్కానర్ అడిగినప్పుడు నా కళ్ళను నమ్మి నొక్కను. ఆ బండి మనుషులను పిలిచి, మీరు చెప్పండి అంటాను. చాలామంది నవ్వి వెంటనే అవునంటారు. ఎవరైనా ఒక్క క్షణం తటపటాయిస్తే, స్కానర్ పక్కన పెట్టి టీ తెప్పిస్తాను. తొందరేమీ లేదు, వాళ్ళు సరేనన్నాకే నొక్కుతాను.