ముఖీమ్ బారలు

ముఖీమ్ ఏనాడూ వైరును సరిగ్గా కోసిన పాపాన పోలేదు. ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఎలక్ట్రానిక్ సామాన్లు బాగుచేసే మనిషి. జేబులో టేపుంటుంది, బయటికి తీయడు. రెండు చేతులూ బార్లా చాచి, ఊపిరి బిగబట్టి కొలుస్తాడు. ఎంత కావాలన్నా ఇంకో నాలుగు బారలు కలుపుతాడు. ఎందుకంటే, "జర ఉండనీ" అంటాడు. ఆయన భార్య సల్మా బట్టలారేసే తీగ వీధి చివరిదాకా ఉందంటారు. అబద్ధం. మూడిళ్ల అవతలికే!

ఆ రోజు సుశీలకు నవ్వే ఓపిక లేదు. ఆమె నడిపే పాలకేంద్రంలో పొద్దున, రోజూ పాలు పోసే నర్సమ్మ అందరి ముందూ కడిగేసింది.

"గా అంకెల డబ్బా మొఖం ఎప్పుడు జూసినా నీ దిక్కే ఉంటది. నా పాలల్ల వెన్న ఎంతొచ్చిందో నీకే ఎరుక. ఇయ్యాల పొద్దుమూకి పాలు పోసుడే ఆఖరు, రేపటిసంది రాను!"

ఎనిమిదేళ్లలో ఒక్క అంకె మార్చి ఎరగదు సుశీల. అన్నం సహించలేదు. అది చాలదన్నట్టు, పాలు పరీక్షించే మిషన్‌కూ ఆ డబ్బాకూ మధ్య వైరును మధ్యాహ్నం ఎలుక కొరికేసింది. ఇక అంకెలే కనపడకపోతే నమ్మేదెవరు?

ముఖీమ్ వచ్చాడు. చేతులు చాచాడు.

"మూరెడు దూరానికి గన్ని బారలేందన్నా?"

"జర ఉండనీ అక్కా."

"తొందరగ కానీ. ప్లగ్గుల రెండో నంబరు పిన్నుకు రెండోది, మూడోదానికి మూడోది కలిపెయ్."

ముఖీమ్ చెవులు మూసుకున్నాడు. "తోబా తోబా! ఇది మాట్లాడే వైరు, ఇది వినే వైరు. దీని నోరు దాని చెవికి కలపాలె. నోటికి నోరు కలిపితే గ్రామసభే! అందరు మాట్లాడుతరు, ఒక్కడు వినడు."

టంకం పెట్టి, ఒక్కో కొసనూ లాగి చూసి, ప్లగ్గు బిగించాడు. అంకెలు వెలిగాయి. సుశీల ప్రాణం కుదుటపడింది. అంతలో కిటికీ బయట నర్సమ్మ క్యాను చప్పుడు.

ముఖీమ్ డబ్బాను చంకన పెట్టుకుని నడిచాడు. వెనకాలే వైరు చుట్ట విప్పుకుంటూ వచ్చింది. కిటికీ గట్టు మీద, మొఖం బయటికి తిప్పి పెట్టాడు.

"అడిగినోళ్లకు మూరెడు చాలు అక్కా. బయట నిలబడ్డోళ్లను ఎవ్వరడిగిన్రు? మిగిలింది గాళ్లకోసం."

సుశీలకు టక్కున, బండ్లను లోడుతో సహా తూచే ధర్మకాంట గుర్తొచ్చింది. అక్కడ అంకెల డబ్బా ట్రాక్టరువాళ్ల వైపు వేలాడుతుంది. ఆ వైరూ ఈయనదే! ఇన్నేళ్లూ ఊరంతా నవ్విందీ, తానూ నవ్విందీ ఈ మనిషిని చూసా అని సిగ్గేసింది.

నర్సమ్మ పాలు పోసింది. ఇప్పుడు డబ్బా మొఖం సుశీలకు కనపడదు.

"ఎంతొచ్చింది అత్తా?" అని అడిగింది.

నర్సమ్మ కొంగుతో అద్దం తుడిచి చూసింది. "ఆరు చుక్క రెండు. సరిగ్గ రాసుకో బిడ్డా, నీ మీద నాకు జర అనుమానమే!"

అందరూ గొల్లుమన్నారు. నర్సమ్మ కూడా. "రేపు బర్రెకు తవుడు ఎక్కువ పెడ్త, సూస్తా ఎంతొస్తదో" అంటూ క్యాను ఎత్తుకుంది.

ముఖీమ్ కత్తెర తీశాడు. "ఇంక బారెడు మిగిలిందక్కా. కొయ్యాల్నా?"

సుశీల గబుక్కున వైరును పట్టుకుంది.

"జర ఉండనీ అన్నా."