మంగళవారం లోటు

మార్లా ప్రూయెట్ పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మంట ఆ పిల్ల మీద కాదు. ఎవరి మీదో చివర్లో మీకే తెలుస్తుంది. నాకే అది చివరికి గానీ తెలిసిరాలేదు.

మార్లా పుట్టింది మా ఊళ్లో ధాన్యం గోదాముల వెనక, రేకుల ఇంట్లో. తల్లి బడిలో వంటమనిషి. పిల్ల పదిహేనో ఏట పెట్రోలు బంకులో చేరింది. తర్వాత ముసలివాళ్ల ఆశ్రమంలో పక్కబట్టలు మార్చింది, కోళ్ల ఫారంలో గుడ్లు ఏరింది. ముప్ఫయ్యో ఏట మా కిటికీల ఫ్యాక్టరీకి వచ్చి, అద్దాల అంచులకు జిగురు పట్టించే బల్ల దగ్గర నా పక్కన నిలబడింది. జలుబు చేస్తే ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చేది.

"ఇంటికెళ్లి పడుకోవే పిల్లా," అంటే, "పడుకుంటే జలుబుకి జీతమిస్తారా లెనోర్?" అనేది.

మా ఫ్యాక్టరీలో పాయింట్లని ఒక పీడ ఉంది. రాకపోతే ఒక పాయింటు, ఆలస్యమైతే అర. జ్వరమైనా, మంచు తుఫానైనా పాయింటు పాయింటే. ఎనిమిది పడితే ఇంటికే. అది చూసి మాకు కోపం రావాలా వద్దా? రాలేదు. ఎవరికెన్ని తక్కువుంటే వాళ్లకంత గొప్ప. నాకు రెండే ఉన్నాయని చర్చి విందుల్లో నేనే చెప్పుకు తిరిగేదాన్ని, సిగ్గులేకుండా.

పనిలో చేరిన ఎనిమిదో నెలలో మార్లాకి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. ఓపల్ అని పేరు పెట్టారు. రెండు అరచేతుల్లో పట్టేంత పిల్ల. ఏడాది సర్వీసు లేని మనిషికి చట్టమిచ్చే జీతం లేని సెలవు కూడా లేదట! ఉన్న నాలుగు సెలవులూ వాడేసింది. ఆ పైన ఏడు రోజులకి ఏడు పాయింట్లు పడ్డాయి. పన్నెండో రోజు పొద్దున ఆరింటికి, ఇంకా సరిగ్గా నడవలేని మార్లా బల్ల దగ్గరికొచ్చి జిగురు గొట్టం పట్టుకుంది.

ఓపల్ గంట దూరంలో ఉన్న నగరం ఆసుపత్రిలో, గాజుపెట్టెలో ఉంది. ఆ పెట్టె ఖర్చంతా భరించేది మార్లా ఉద్యోగంతో వచ్చే బీమా. మొగుడు క్లింట్ ఇళ్ల కప్పులు వేస్తాడు, అతనికి బీమా గీమా ఏమీ లేవు. బిడ్డని చూడాలంటే పని మానాలి, బిడ్డ బతకాలంటే పని చెయ్యాలి. ఇదండీ మా అమెరికా.

ఓపల్ నోటితో పాలు తాగడం నేర్చుకుంటేగానీ ఇంటికి పంపరు. ఆ తాగడం నేర్పే నర్సు వచ్చేది మంగళవారం మధ్యాహ్నాలే. పక్కన తల్లి ఉండాలి. మా షిఫ్టు సాయంత్రం ఆరు దాకా.

"వెళ్లు. నీ బ్యాడ్జి నాకియ్యి," అన్నాను నేను.

మంగళవారం పన్నెండింటికి మార్లా సరుకు ఎక్కించే తలుపులోంచి జారుకునేది. ఆమె బల్ల పని నేనూ ఇంకో ఇద్దరమూ పంచుకునేవాళ్లం. ఆరింటికి నా బ్యాడ్జితో పాటు ఆమెది కూడా గోడకున్న హాజరు యంత్రానికి చూపించేదాన్ని. మా వరస బల్లల దగ్గరున్న పద్నాలుగు మందికీ సంగతి తెలుసు. ఒక్కరూ పెదవి కదపలేదు. మాకు చేతనైన సాయం అదొక్కటే, దొంగతనంగా చేసేది.

అప్పటికి మూడేళ్ల క్రితమే మా ఫ్యాక్టరీని స్వీడన్ కంపెనీ ఒకటి కొనేసింది. ఆ వసంతంలో కొత్త యంత్రం నేర్పడానికి అక్కడి ఫ్యాక్టరీ నుంచి మాలిన్ అనే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మాలాగే చేతులకి జిగురు మరకలు. అయితే పొద్దున తొమ్మిదిన్నరకి పనాపి, కుర్చీ లాక్కుని, కూర్చుని కాఫీ తాగేది. మేం నిలబడి తాగేవాళ్లం.

"కూర్చోండి, కాళ్లు నొప్పెట్టవా?" అనేది.

"మా కాళ్లు అమెరికావి," అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు.

మా ముత్తాత స్వీడన్ నుంచే వచ్చాడని ఆవిడకి గొప్పగా చెప్పాను. క్రిస్మస్‌కి కంపు కొట్టే వాళ్ల దేశపు చేప వంటకాన్ని మేమింకా తింటామన్నాను. "మేం మానేశాం," అంది మాలిన్.

ఒకరోజు మాటల్లో పిల్లల సంగతి వచ్చింది. "మా దగ్గర తల్లికీ తండ్రికీ కలిపి సర్కారు డబ్బుతో పదహారు నెలలు సెలవు. పిల్ల ఆసుపత్రిలో ఉంటే ఆ రోజులకి వేరే సెలవు," అంది.

"పన్నులు కట్టలేక చస్తారు కదా!" అన్నాను.

"కడతాం. నా కూతురికి ఒంట్లో బాగాలేనప్పుడు నేనెవర్నీ దేబిరించలేదు."

అప్పుడు మార్లా తలెత్తింది. "మేం కూడా ఎవర్నీ దేబిరించం. ఎవరి సొమ్మూ ఊరికే తినం," అంది. మేమంతా తలలూపాం. ఏడు పాయింట్లు నెత్తిన పెట్టుకుని ఆ మాటంది, పిచ్చిపిల్ల. నేనూ ఊపాను తల.

ప్రతి గురువారం పొద్దున గుంపుగా నిలబడి పనిలో ఇబ్బందులు బాసుతో చెప్పుకోవాలన్నది కూడా మాలిన్ తెచ్చిన ఆచారమే. వాళ్ల దగ్గర అలాగే చేస్తారట. మేం నిలబడేవాళ్లం, నోళ్లు కుట్టేసుకుని. ఓ గురువారం మా సూపర్‌వైజర్ కర్టిస్ కాగితం పట్టుకొచ్చాడు.

"మంగళవారాలు మధ్యాహ్నం నుంచి ఇరవై కిటికీలు తక్కువొస్తున్నాయి. ఎందుకు?"

ఎవరి బూట్లు వాళ్లు చూసుకున్నాం. మార్లా వెళ్లడం మాలిన్ కూడా చూసేది, అది దొంగచాటు పనని మాత్రం ఆవిడకెవరూ చెప్పలేదు. మా మొహాల్లోకి చూసి, మాకు సిగ్గనుకున్నట్టుంది, నవ్వుతూ చెప్పేసింది.

"మార్లా పాపకి పాలు పట్టడానికి ఆసుపత్రికెళ్తోంది కదా! ఆ పూట ఒక మనిషిని అదనంగా వెయ్యి కర్టిస్, సరిపోతుంది."

కర్టిస్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గంటలో మార్లానీ నన్నూ ఆఫీసుకి పిలిచాడు. "పన్నెండింటికి వెళ్లిపోయిన మనిషి బ్యాడ్జి ఆరింటికెలా పలికింది? ఎవరు చూపించారు?" అన్నాడు నన్నే చూస్తూ.

మా ఆయన రాయ్ ఇన్సులిన్ నా బీమా మీదే వస్తుంది. ఆ క్షణాన అదొక్కటే తోచింది. మెడలో వేలాడే నా బ్యాడ్జిని చొక్కాలోకి తోసుకున్నాను.

"సాయంత్రం నేనే వెనక్కొచ్చి చూపించాను. లెనోర్‌కేం తెలీదు," అంది మార్లా.

అది అబద్ధమని కర్టిస్‌కి తెలుసు. నాకూ తెలుసు. ముగ్గురం ఒప్పేసుకున్నాం. పది నిమిషాల్లో తన సామాను అట్టపెట్టెలో వేసుకుని వెళ్లిపోయింది.

పార్కింగ్‌లో మాలిన్ ఏడుస్తూ నిలబడి ఉంది. నేను నిప్పులు చెరిగాను.

"బాసుతో ఎవరైనా చెప్తారా? ఏ లోకం నుంచి ఊడిపడ్డావే నువ్వు?"

"మీ ముత్తాత వదిలొచ్చిన లోకం నుంచే," అంది. "చెప్తే సాయం చేస్తాడనుకున్నా. మా దగ్గర చేస్తారు. పద్నాలుగు మంది ఉన్నారు లెనోర్, ఒక్కరు కూడా పనాపలేదేం? మా దగ్గరైతే ఆ పూటే యంత్రాలు ఆగిపోయేవి."

"మాకు బీమాలున్నాయి!" అని అరిచాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే అసహ్యం వేసింది.

మాలిన్ తన దేశంలో పెద్ద ఆఫీసుకి రాసింది. జవాబు నాకు చూపించింది. 'ఏ దేశంలో పనిచేస్తే ఆ దేశపు పద్ధతుల్ని గౌరవిస్తాం,' అని ఉంది. అక్కడ పదహారు నెలలిచ్చే చేత్తోనే ఇక్కడ పాయింట్లు వేస్తున్నారు, గౌరవంగా. ఆవిడ ఆ వారంలోనే వెళ్లిపోయింది.

ఎవరి సొమ్మూ తినని మార్లా జిల్లా ఆఫీసులో సర్కారు బీమా కోసం వరసలో నిలబడింది. ఏమీ లేనిదానివని నిరూపించు అన్నారట. నేను ఫోన్ చేస్తే ఎత్తదనుకున్నాను. మొదటి రింగుకే ఎత్తింది.

"లెనోర్! ఓపల్ పాలు తాగింది, నోటితో! నువ్వు ఆ మంగళవారాలు పంపకపోతే..." అని ఏడ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. రాయ్ పిలుస్తున్నాడని ఇంకో అబద్ధమాడి పెట్టేశాను.

మార్లా బల్లకి కొత్తమ్మాయిని వేశారు. నెల తిరిగాక గురువారం మీటింగుకి కర్టిస్ కేకు తెచ్చాడు. మంగళవారం లోటు పూడిందట, అందుకు మెచ్చుకోలు. అప్పుడైనా ఎవరో ఒకరు ఆ కేకుని నేలకేసి కొట్టాలి. ముప్ఫై ఏళ్ల సర్వీసుతో, ఊళ్లో అందరికన్నా పెద్ద నోరున్న నేనే ఆ పని చెయ్యాలి.

"నీకెన్ని పాయింట్లు లెనోర్?" అన్నాడు కర్టిస్ కాగితం పళ్లెం అందిస్తూ.

"రెండే," అన్నాను. మాలిన్ వదిలి వెళ్లిన కుర్చీ లాక్కుని, కూర్చుని తిన్నాను.