మైసమ్మ గద్దె పక్కన మిగిలిన సందు

ఏటి గట్టు మీద నడక బాట వేస్తున్నారంటే మొదట నేను నవ్వాను. నడవడానికి కూడా బాట కావాలా అని. మేము గొర్ల వెంట తిరిగినవాళ్లం. మూసీ ఒడ్డున ఎక్కడ అడుగు వేస్తే జారుతుందో మా కాళ్లకే తెలుసు. సూర్యాపేట నుంచి, మిర్యాలగూడ నుంచి ఆదివారం పూట కార్లలో వచ్చేవాళ్ల కోసమట. నున్నటి రాళ్లు పరిచారు. ఏటి వైపు ఇనుప కడ్డీలు, ఊరి వైపు గోడ. ఎక్కడా మెట్టు లేకుండా వాలుగా చేశారు. బాట మొదట్లో ఒక బోర్డు పాతారు. నాకు సంతకం వరకే వచ్చు. ఇది కూడా నేను చెబుతుంటే మా వాడ టీచరమ్మ రాస్తోంది. బోర్డు మీద ఏముందో నా బిడ్డే చదివి చెప్పింది. పిల్లలు, ముసలివాళ్లు, కాళ్లు రానివాళ్లు, అందరూ హాయిగా తిరగగలిగే బాట అని రాశారట. పక్కన చక్రాల కుర్చీ బొమ్మ. ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

నా బిడ్డకు నడుము కింద చచ్చుబడిపోయింది. పాలు తాగే వయసులో జ్వరం వచ్చి, జ్వరం పోయింది, కాళ్లను తీసుకుని పోయింది. ఇప్పుడు పెళ్లీడు దాటిన మనిషి. వాళ్ల నాన్న ఉన్నంత కాలం ఆయనే మోసేవాడు. మందలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను మెడ చుట్టూ వేసుకుని తెచ్చినట్టు తెచ్చేవాడు. ఆయన పోయాక నేను మోస్తున్నాను. మంచం మీది నుంచి అరుగు మీదికి, అరుగు మీది నుంచి దొడ్లోకి. ఆమె బరువు పెరుగుతోంది, నా నడుము అరుగుతోంది. మిర్యాలగూడ దవాఖానలో డాక్టరమ్మ నా వెన్ను ఫొటో చూసి, ఇక బరువులు ఎత్తొద్దమ్మా అంది. ఏం బరువో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. నా తర్వాత దీన్ని ఎవరు ఎత్తుతారు? నాకు ఉన్నది ఆ ఒక్క దిగులే. మిగిలినవన్నీ దాని పక్కన దిగులే కావు.

సర్కారు ఇచ్చిన మూడు చక్రాల బండి ఒకటి మా గోడకు ఆనించి ఉండేది. చేత్తో పెడలు తిప్పితే నడుస్తుంది. ఊళ్లో సిమెంటు రోడ్డు మీద తిరిగితే ఇంటింటి ముందూ ఆపి అయ్యో పాపం అంటారు. అది ఆమెకు పడదు. ఊరు దాటితే రాళ్లు, బురద. అందుకే దాన్ని వాడేది కాదు. బాట తయారైన వారంలో ఒక పొద్దున నన్ను పిలిచింది.

"అమ్మా, నన్ను బండిల కూసోబెట్టు."

"యాడికి?"

"చెప్ప."

"చెప్పకుంటే ఎట్లనే?"

"ఊళ్లె అందరు నీకు చెప్పే పోతున్నరా?"

కూర్చోబెట్టాను. పోయింది. పొద్దు నడినెత్తికి వచ్చాక తిరిగొచ్చింది. అరచేతులు పొక్కిపోయాయి, చక్రాలకు గడ్డి చుట్టుకుంది. యాడికి పోయినవే, ఏం జూసినవే అని అడిగితే, "నీకెందుకే" అని నవ్వింది. ఇంకో తల్లి అయితే ఆ మాటకు కోపం తెచ్చుకునేదేమో. నేను పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. నా బిడ్డ ఎక్కడుందో నాకు తెలియని పూట ఆమె పుట్టిన తర్వాత అదే మొదటిది.

తర్వాత రోజూ పోయేది. ఏరు పొద్దున ఒక వాసన, ఎండ ఎక్కాక ఒక వాసన వస్తుందని చెప్పేది. షుగరు తగ్గాలని నడిచే ఆడవాళ్లతో పందెం పెట్టుకుందట. "చెమటలు కక్కిచ్చిన వాళ్లకు. రేపటి సంది మేము వేరే టైముకు వస్తమని అంటున్నరు" అని పగలబడి నవ్వింది. ఇంత నవ్వు దీని కడుపులో ఎక్కడ దాచిందో అనుకున్నాను. నేను పోయినా ఇది బతుకుతుంది అని ఆ కొన్నాళ్లు మాత్రం అనిపించింది.

అప్పుడే మా బావ, అంటే నా పెనిమిటి అన్న, మా గొల్లవాళ్ల పెద్దమనిషి, ఒక మాట తెచ్చాడు. గట్టు మీద ఇంతమంది తిరుగుతున్నారు, ఏరు పక్కనే ఉంది, కాపాడే తల్లి లేకపోతే ఎట్లా అని. నిజమే. కట్ట ఉన్నచోట కట్ట మైసమ్మ ఉండాలి. ఆమెకు చెప్పకుండా మేము గొర్రెను కూడా నీళ్లలోకి దించం. అందరూ సరే అన్నారు, నేనూ అన్నాను. ఎవరు లోపలికి పోయినా ముందు అమ్మకు దండం పెట్టి పోవాలని, సరిగ్గా బాట మొదట్లోనే గద్దె కట్టి అమ్మను కూర్చోబెట్టారు. నా బిడ్డ బండిలో కూర్చునే అమ్మకు కళ్లు దిద్దింది. దాని చెయ్యి మంచిదని అందరూ మెచ్చుకున్నారు. నేను బోనం ఎత్తుకున్నాను. గద్దె పక్కన సందు ఎంత మిగిలిందో ఎవరూ చూడలేదు. మనిషి పడతాడు, గొర్రె పడుతుంది, మోటారు సైకిలు కూడా వంచితే పడుతుంది.

అమ్మకు పండుగ చేసిన మర్నాడు పొద్దున బండిలో పోయిన మనిషి వెంటనే తిరిగొచ్చింది. చైను తెగిందేమో అనుకున్నాను.

"పడతలేదమ్మా."

"ఏం పడతలే?"

"బండి."

వెళ్లి చూశాను. గోడ వైపు సందు ఇంకా చిన్నది. గద్దెకూ కడ్డీలకూ మధ్య బండి చక్రం ఒకటి ఇవతలే ఉండిపోతోంది. అటు తిప్పి, ఇటు తిప్పి తోశాము. చక్రం తగిలి గద్దె మూల పెచ్చు ఊడింది. "అమ్మోరికే గుద్దుతరా, కండ్లు కనవడ్తలేవా?" అని వెనక నుంచి ఎవరో గద్దించారు. ఆపేశాము. బాట అవతలి కొస ఏట్లోకి దిగే పాత మెట్ల దగ్గర ఆగిపోతుంది. అటు నుంచి వేరే దారి లేదు.

బాట పని చూసిన సూపర్‌వైజరు కోదాడ వైపు మనిషి. కడ్డీలు కొంచెం కోసి వెనక్కి జరపమని బతిమాలాను.

"మేము కొలత ప్రకారమే కట్టామమ్మా. మధ్యలో గద్దె కట్టుకుంది మీరేగా?"

"అవును సారూ. జర నువ్వే దారి చెప్పు."

"కడ్డీ కోశాక ఎవరన్నా ఏట్లో పడితే నా మెడకి చుట్టుకుంటది. నువ్వే చెప్పు, కొయ్యమంటావా?"

ఆయన మాటలో తప్పు లేదు. ఎవరి మాటలోనూ తప్పు లేదు. అదే నా ఖర్మ.

మా వాడ పిల్లగాళ్లు మంచివాళ్లు. "అక్కా, ఒక్క కేకెయ్, ఎత్తి అవతల పెడతం" అన్నారు. కొన్నాళ్లు అట్లాగే పెట్టారు. పనులున్నప్పుడు రాలేరు కదా. ఆమె గద్దె పక్కన ఎదురుచూస్తూ కూర్చునేది. ఒక ఆదివారం కారులో వచ్చిన ఆడమనిషి మైసమ్మకు కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప, రెండు అరటిపండ్లు నా బిడ్డ ఒళ్లో పెట్టి, తలమీద చెయ్యి వేసి వెళ్లిపోయింది. గుడి ముందు అడుక్కునే మనిషి అనుకుంది. నా బిడ్డ ఆ అరటిపండ్లు ఇంటికి తెచ్చి గొర్లకు వేసింది. మళ్లీ ఎవరినీ కేకెయ్యలేదు. ఎందుకే అంటే, "ఎత్తిచ్చుకునుడే అయితే ఇంట్ల నువ్వు ఎత్తుతలేవా?" అంది.

నేను బావ దగ్గరికి పోయాను.

"బావా, అమ్మను జర పక్కకు జరుపుదాం. మూరెడు సాలు."

"మూరెడా బెత్తెడా అని కాదమ్మా. కూసున్న తల్లిని లేపుడెట్ల?"

"నా బిడ్డ మొఖం జూడు బావా."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన భుజం మీద కూడా ఎక్కి తిరిగిన పిల్ల అది. "మనం అనుకుంటే అయ్యేది గాదు. ఆమెనే అడుగుదాం" అన్నాడు.

అమ్మను అడిగే పద్ధతి మాకు ఒకటి ఉంది. గొర్రెను అమ్మ ముందర నిలబెట్టి, పసుపు నీళ్లు తల మీద నుంచి వీపు దాకా పోస్తాము. అది ఒళ్లు దులిపితే అమ్మ ఒప్పుకున్నట్టు. దులపకుండా నిలబడితే కాదన్నట్టు. మందను ఏ దిక్కు తోలాలన్నా, పిల్లను ఏ ఇంటికి ఇవ్వాలన్నా మా పెద్దలు అట్లాగే అడిగారు. నీళ్లు పడ్డ గొర్రె దులపకుండా ఎట్లా ఉంటుంది? బావ కూడా నా దగ్గరికి వచ్చి మెల్లగా, "బాయి నీళ్లు తెస్త, సల్లగుంటయి. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. ఆయనకూ కావాలనే ఉంది.

మంగళవారం పొద్దున అందరూ వచ్చారు. మాకు మిగిలిన నాలుగు జీవాల్లో మంచి చురుకైన పొట్టేలును తీసుకుపోయాను. నా బిడ్డ బండి సందు ముందే ఉంది. బావ వేపమండ మీదుగా నీళ్లు పోశాడు. పొట్టేలు నిలబడింది.

"మైసమ్మ తల్లీ, ఆడివిల్ల అడుగుతుంది, ఒప్పుకో" అని మళ్లీ పోశాడు. నిలబడింది.

"చెవుల ఊదు మామా, ఎట్ల దులపదో సూద్దాం" అని వెనక నుంచి ఒకడు అన్నాడు.

"ఊది దులిపిస్తె అమ్మ చెప్పినట్టా, నువ్వు చెప్పినట్టారా?" అని ఒక ముసలామె గదిమింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకా ఆశ ఉంది కదా.

మూడోసారి బావ చెంబు మొత్తం వంచేశాడు. ఉన్ని అంటుకుపోయి పొట్ట కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. దులుపు, దులుపు అని లోపల మొక్కుతున్నాను. అది మెడ చాచి బావ చేతిలోని వేపమండ కొరికి నములుతూ నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి. బావ నా వైపు చూడలేదు.

"ఒప్పుకుంటలేదమ్మా" అన్నాడు. చెంబు కింద పెట్టాడు. "మల్ల బోనాల దాక అడుగొద్దు."

నాకు మైసమ్మ మీద నమ్మకం లేకపోతే ఎంత బాగుండేది. గడ్డపార తీసుకుని నేనే తవ్వేసేదాన్ని. నమ్మకం ఉంది. నా పెనిమిటి పోయినప్పుడు కూడా ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ రోజు కూడా దండం పెట్టే వచ్చాను. నా బిడ్డకు ఇంత చేసిన తల్లికి నేను దండం పెట్టాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద గొంతు దిగదు.

నా బిడ్డ ఏడవలేదు. "దానికి ఎండల నీళ్లు మంచిగనిపిచ్చినట్టున్నయి, దులపలే. పా పోదాం" అంది. దారి పొడుగునా పెడలు తనే తిప్పింది. పొట్టేలును పట్టుకుని నేను వెనక నడిచాను.

ఇంటి ముందు బండిలో నుంచి దించడానికి చేతులు చాచాను. ఎప్పుడు దించినా ఆమె ఒక చేత్తో బండి అంచు పట్టుకుని, పైకి లేచి, నాకు సగం బరువు తగ్గించేది. నా నడుము సంగతి ఆమెకు తెలుసు. ఆ రోజు పట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గోనె సంచి లాగా మొత్తం బరువు నా మీదికి వదిలేసింది.